పక్కింటి తాత తినని బుడ్డలు

నా చిన్నప్పుడు, కోసిగి దగ్గరి మా పల్లెలో, ఒక ఏడు ఆషాఢం దాటినా వాన పడలేదు. ఇంకో వారం చూసి కూలి పనులకు వలస పోదామని ఊరంతా అనుకుంటున్నారు. అప్పుడు మా చర్చి అయ్యగారు సంఘమంతటికీ ఉపవాస దినం చాటించారు. బైబిలు పాత నిబంధన కాలంలో కరువొస్తే బూర ఊది, ముసలివాళ్ల నుంచి చంటిపిల్లల దాకా అందరినీ ఒక్కచోట కూర్చేవారట. నీనెవె పట్టణంలోనైతే ఉపవాసం నాడు పశువులకు కూడా మేత పెట్టలేదట. అది విని మా అమ్మ, “మన బర్రె ఉపవాసముండబట్టి నెలాయ,” అని నవ్వింది.

పిల్లలు మధ్యాహ్నం గంజి తాగవచ్చన్నారు. తొమ్మిదేళ్లవాణ్ణి, గంజి తాగేవాళ్లలో చేరడం నాకు నామోషీ అనిపించింది. సంఘ పెద్ద అయిన పక్కింటి తాత పక్కన చాప మీద కూర్చున్నాను. అయ్యగారు నన్ను లేపి నిలబెట్టి అందరి ముందూ మెచ్చుకున్నారు. అప్పటికే నా నిక్కరు జేబు నిండా బుడ్డలున్నాయి. వేరుశనగ కాయలను మేం అలాగే అంటాం. అవి ఇంట్లో విత్తనానికి దాచినవి.

అందరూ కళ్లు మూసుకున్నప్పుడల్లా ఒకటి ఒలుచుకుని తిని, పొట్టు చాప కిందికి తోశాను. సాయంత్రం చాపలు చుడుతుంటే అది బయటపడింది.

“ఎవురప్పా ఈడ కూర్చున్నింది?” అని ఎదురింటి అక్క కేకేసింది.

 ఇక వాన రాదు, ఊరంతా వలస పోయేది నా వల్లే అనుకున్నాను. తాత ఒకసారి నా ముఖంలోకి చూశాడు.

“నేనేలేమ్మా. ముసిలి కడుపు, చెప్తే ఇనల్యా.”

“నోట్లో ఉండేది రెండు పండ్లు, ఎట్ల తింటివి తాతా?”

“రెండూ శానా కష్టపడినాయిలే.”

చర్చంతా గొల్లుమంది. బయటికి వచ్చాక ఆయన నా చెవి దగ్గర వంగి, “వేయించినవా, పచ్చివా?” అని అడిగాడు. పచ్చివన్నాను. “అట్లయితే కడుపు నొస్తాది,” అంటూ, ఉపవాసం విడవడానికి తనకు పంచిన బెల్లం ముక్క నా చేతిలో పెట్టాడు. తాను మాత్రం నీళ్లు తాగి ఇంటికి నడిచాడు.

మూడు రోజులకు వాన పడింది. ఊరు కదలలేదు. ఆయనకు మాత్రం ‘బుడ్డల తాత’ అనే పేరు పడిపోయింది. ఆయన ఉపవాసం మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు జేబు తడుముకునేవారు. ఆయన నవ్వేవాడు. వాళ్లతో కలిసి నేనూ నవ్వేవాణ్ణి. ఆయన్ను పూడ్చిన రోజు కూడా ఎవరో ఆ పేరే తలచుకున్నారు. నేను పిడికెడు మట్టి వేసి వచ్చేశాను.

ఇప్పుడు నేనూ సంఘ పెద్దనే. పోయిన నెల ఉపవాస ప్రార్థనలో లేచి, ఆ బుడ్డలు తిన్నది నేనని అందరి ముందూ చెప్పాను. ముసలిదైపోయిన ఎదురింటి అక్క తల కూడా ఎత్తలేదు.

“ఆ రెండు పండ్లతో తిన్యాడంటే నేను అప్పుడే నమ్మల్యా.”

“మరి చెప్పలేదేమక్కా?”

“నువ్వే చెప్తావని చూస్తాండా. నలభై ఏండ్లాయ.”

చర్చంతా మళ్లీ గొల్లుమంది. ఉపవాస కూడికకు పోయేటప్పుడు ఇప్పటికీ నా జేబులో బెల్లం ముక్క ఉంటుంది. పిల్లల్లో ఎవరి ముఖమైనా వాడిపోయి కనిపిస్తే దాన్ని వాళ్ల చేతిలో పెడతాను. చాప కింద ఏముందో మాత్రం చూడను.