మా చాల్ వకీలు, మా అవ్వ సాక్ష్యం

బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట వేడెక్కే వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే, నాకు కామాటిపుర పదకొండో గల్లీలో, గదికో కుటుంబం ఉండే మా చాల్, దాని పొడవాటి కర్ర వరండా, అక్కడ నిలబడి తన ఒకే ఒక్క నల్లకోటును తానే ఇస్త్రీ చేసుకునే లచ్చయ్య వకీలు గుర్తుకొస్తారు. పాలమూరు నుంచి వచ్చిన తాపీ కూలీ కొడుకాయన. మా పక్క గదిలోనే పుట్టి, ఆ వరండాలోనే చదివి వకీలయ్యారు. పిల్లలందరికీ ఆయన వకీల్ కాకా.

ఎనభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, అందరినీ ఖాళీ చేయించాలని చాల్ యజమాని కోర్టుకెక్కాడు. ఆ వానాకాలమంతా కప్పు కారే చోటల్లా తపేలాలు పెట్టుకుని, జొన్నరొట్టెలూ ఎండుచేపల పులుసూ తింటూ పెద్దవాళ్లు అదే దిగులు మాట్లాడుకునేవారు. మేం మాత్రం కోర్టు ఆట కనిపెట్టి, మెట్ల మీద ఒకరినొకరం ఖాళీ చేయించుకునేవాళ్లం.

కాకా మా అవ్వ ఎల్లవ్వను సాక్షిగా పిలిచారు. నాన్న వెంట నేనూ వెళ్లాను. ఎప్పటి నుంచి ఉంటున్నావని జడ్జిగారు మరాఠీలో అడిగితే, అవ్వ తెలుగులోనే చెప్పింది.

"గోడలు లేసినప్పటి సంది సాబ్. గా రాళ్లు మోసింది నేనే."

దాన్ని మరాఠీలో చెప్పబోయిన కాకా ఒక్క మాటకే ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టారు.

బతుకమ్మ ముందు తీర్పు మావైపే వచ్చింది. ఆ ఏడు ఆడవాళ్లు బంతిపూలతో నడుమెత్తు బతుకమ్మలు పేర్చి, చౌపాటీకి మోసుకెళ్లి సముద్రంలో వదిలారు. తిరిగొచ్చి, మిగిలిన సత్తుపిండి ముద్దలు వద్దన్నా వినకుండా కాకా నోట్లో కుక్కారు.

తర్వాతి ఎన్నికల్లో అందరూ పట్టుబట్టి ఆయన్ని నిలబెట్టారు. మొదటి సభలో ఆయన చక్కటి మరాఠీ అందుకోగానే అవ్వ ముందు వరుసలోంచి లేచింది.

"లచ్చయ్యా, గది కోర్టుల చెప్పు. ఈడ మనది మాట్లాడు!"

నవ్వులు ఆగాక కాకా రెండు భాషల్లోనూ మాట్లాడారు. గెలిచారు కూడా. ఊరేగింపులో చల్లిన గులాల్ రంగు వదలడానికి నా తలకు వారం పట్టింది.

పాత చాళ్ల మరమ్మతుల గురించి అసెంబ్లీలో మాట్లాడుతూ ఆయన కోర్టులో అవ్వ అన్న రాళ్ల మాటే చెప్పారట. నాన్న పేపర్లో చదివి వినిపించాడు.

"నా పేరు జెప్పిండా?" అంది అవ్వ ఆశగా.

"లేదే అమ్మా. కామాటిపుర ముసలవ్వ అన్నడు."

"ముసలవ్వనా! రానియ్యి వాణ్ని!"

ఆదివారం వచ్చిన ఎమ్మెల్యేగారు మా గడపలో చెవులు పట్టుకుని నిలబడితే, వరండా అంతా విరగబడి నవ్వింది. అవ్వ చాయ్ ఇచ్చింది గానీ, కప్పు ఖాళీ అయ్యేదాకా తిడుతూనే ఉంది.

అవ్వ పోయింది, కాకా పోయారు. మొన్న గ్రాంట్ రోడ్‌లో రైలు దిగి, నడుచుకుంటూ ఆ గల్లీకి వెళ్లాను. మా చాల్ ఉన్న చోట ఇప్పుడు ఇరవై అంతస్తుల భవనం. ఎవరింటికని కావలివాడు హిందీలో అడిగాడు. ఒకప్పుడు ఏ గదిలోకైనా అడగకుండా దూరిపోయిన నాకు, చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు.