మౌలాలి భాయ్ పలక

వాన వెలిసిన పొద్దున పలకల ఫ్యాక్టరీల దారిలో నడిస్తే తడిసిన రాతి వాసన వస్తుంది. దారికి రెండు పక్కలా విరిగిన పలకరాతి గుట్టలుంటాయి. మార్కాపురం వాళ్లకు అవి పట్టవు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే తడిగుడ్డ, సుద్దముక్క, గోడకు వేలాడే ఒక పెద్ద పలక, దాని ముందు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నిలబడిన మౌలాలి భాయ్ గుర్తుకొస్తారు.

భాయ్‌ది వెబ్‌సైట్లకు చోటిచ్చే వ్యాపారం. బస్టాండు వెనుక మేడ మీద రెండు గదులు. నేను అక్కడ ఊడ్చి, నీళ్లు పట్టి, టీ పెట్టేదాన్ని. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు, అక్షరం రాదు. ఇక్కడ ఏం అమ్ముతారని అడిగితే ఆయన విసుక్కోకుండా చెప్పారు. "ఫ్యాక్టరీవాళ్ల పలకల బొమ్మలు, ధరలు ఎక్కడోళ్లకైనా ఫోన్లో కనపడాలంటే ఒక పెద్ద కంప్యూటర్ ఎప్పుడూ నడస్తా ఉండాల గురవక్కా. అది హైదరాబాదులో ఉంది. మనది గూడా కాదు, అద్దెది. దాంట్లో తలా ఇంత చోటు మనం ఇస్తాం."

"అయితే మనదేముంది భాయ్ ఈడ?" అన్నాను.

నవ్వారు. "ఫోన్ ఎత్తేది."

ఆ ఫోన్ ఎత్తడమే అక్కడ ఎవరికీ కుదిరేది కాదు. మరమ్మతు తెలిసినవాడు శ్రీనివాసులు ఒక్కడే, అతను కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పడు. భాయ్ కొత్త గిరాకీల కోసం గిద్దలూరు, కంభం తిరుగుతుంటారు. ఒకరోజు మోగి మోగి ఆగిన ఫోన్ నాలుగోసారి మోగితే, చీపురు పక్కన పెట్టి నేనే ఎత్తాను. గిద్దలూరు విత్తనాల దుకాణం ఆయన అరిచాడు. "ఏందమ్మా, బతికే ఉండారా మీరు?"

"ఉండాం నాయనా. నాకు చదువు రాదు. నిదానంగా చెప్పు, గుర్తుపెట్టుకుంటా."

ఆయన గొంతు దిగింది. సాయంత్రం భాయ్ రాగానే మాట పొల్లుపోకుండా అప్పజెప్పాను. మరుసటి రోజు ఆయన గోడకు పలక తగిలించారు. ఫోన్ చేసినవారి ఊరు, పేరు, వచ్చిన ఇబ్బంది దాని మీద రాయాలి. దానికి అక్షరాలు కావాలి గనుక రోజూ మధ్యాహ్నం ఒక గంట నేర్పారు. నేను మొదట రాసిన మాట 'గిద్దలూరు'. అమ్మ, ఆవు తర్వాత వచ్చాయి.

పలకకు ఒక్కటే నియమం. "పని అయిందని మనోడు అంటే చాలదక్కా. సైటు మళ్లా వచ్చింది అని గిరాకీ నోటితో అనాల. అప్పుడే తుడవాల."

ఆ నియమం తప్పింది నేనే. కొనకనమిట్ల దగ్గర బత్తాయి నర్సరీ నడిపే రమణయ్య గారు, సైటులో రైతులు పెట్టే ఆర్డర్లు తనకు చేరడం లేదేమోనని ఫోన్ చేశారు. శ్రీనివాసులు చూసి, "అయిపోయిందక్కా, తుడిచేయ్" అన్నాడు. ఆ రోజు పలక నిండిపోయి ఉంది. తుడిచాను. రమణయ్య గారు మళ్లీ అడిగితే, పలక మీద పేరు లేదు గనుక "బాగైపోయిందన్నా" అని కూడా చెప్పాను. ఆయన నమ్మారు. రైతులే అడగడం లేదనుకున్నారు. నాటే అదను దాటాక తెలిసింది, ఆర్డర్లు వచ్చాయనీ, ఒక్కటీ ఆయనకు చేరలేదనీ.

భాయ్ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. రమణయ్య గారు పైపుతో మొక్కలకు నీళ్లు పడుతున్నారు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"చెడిపోయిందని నాకు కోపం లేదు సాయిబూ. నా బోరు మోటరు గూడా కాలిపోతాది. మొక్క చచ్చిపోతే చచ్చిందని చెప్పి ఇంకోటి ఇస్తా. చచ్చినదాన్ని బతికిందని చెప్తే మళ్లా నా తోటకు ఎవడొస్తాడు?"

"అట్ల చెప్పింది నేనన్నా" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, పైపు ఇంకో వరుసకు మార్చుకున్నారు. ఆ వారమే సైటు వేరే కంపెనీకి మార్చేశారు. చుట్టుపక్కల నర్సరీలవాళ్లూ ఆయన వెంటే పోయారు.

తిరిగొచ్చాక భాయ్ సుద్దముక్క నా చేతికిచ్చారు. "ఆయన పేరు మళ్లా రాయక్కా. వచ్చింది అని ఆయన అనలేదు గదా." పై మూలన రాశాను. రోజూ దాని చుట్టూ తుడిచేదాన్ని.

రెండేళ్లకు వ్యాపారం మూతపడింది. పెద్ద కంపెనీలు తక్కువకు ఇవ్వడం వల్లనేనని అందరూ అంటారు. అది కొంత నిజం. శ్రీనివాసులు బెంగళూరు పోతే రెండోవాడు లేడు. అద్దె కంప్యూటర్ ఆగితే హైదరాబాదు వాళ్లు మా ఫోన్ ఎత్తేవాళ్లు కాదు. భాయ్ మాత్రం ఇంకో మాట అన్నారు. "కొత్తోళ్ల కోసం తిరిగినాను గానీ ఉన్నోళ్లను చూసుకోలేదక్కా. ఆ పలక మొదటి రోజే తగిలించాల్సింది."

మూసే ముందు మిగిలిన సైట్లన్నీ వేరే చోటికి చేర్పించి, అందరి పేర్లూ పలక మీద రాయించారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వచ్చిందని వాళ్లు అన్నాక తుడిచాను. చివరికి రమణయ్య గారి పేరు మిగిలింది.

"ఆయన మన గిరాకీ కాదు గదా భాయ్."

"పలక మీద ఉండాడు గదా."

ఫోన్ చేశాను. "రమణయ్యన్నా, భాయ్ ఆఫీసు నుంచి గురవమ్మను. ఆర్డర్లు వస్తాండాయా? మీ పేరు ఇంకా పలక మీద ఉంది. మీరు అననిదే తుడవగూడదు."

"రెండేండ్ల నుంచి ఉందా?"

"ఉంది."

అవతల నీళ్ల పైపు కట్టేసిన చప్పుడు వినిపించింది. "వస్తాండాయిలేమ్మా, తుడుచుకో. ఆ సాయిబుకు చెప్పు, ఇప్పుడున్న కంపెనీవోళ్లు అసలు ఫోనే ఎత్తరని."

చెప్పాను. భాయ్ తడిగుడ్డ అందించారు.

ఇప్పుడు నేను ఒక కళ్లాసుపత్రిలో ఫోన్ దగ్గర కూర్చుంటాను. మూసేటప్పుడు భాయ్ ఇచ్చిన ఆ పలకే నా బల్ల వెనక గోడకు వేలాడుతోంది. నిన్న రాచర్ల నుంచి ఫోన్ చేసిన ఒకామె పేరు రాసుకున్నాను. ఆమె అద్దాలు ఆటోలో పంపేశామని మావాళ్లు అంటున్నారు. రెండుసార్లు చేశాను, ఆమె ఎత్తలేదు. పేరు పలక మీదే ఉంది.