సుగుణ సిస్టర్ తీయించిన వాక్యం

కిందటి నెల భద్రాచలం బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి మోకాళ్ళకు నీలగిరి తైలం రాసుకుంది. వానకు కిటికీలన్నీ మూసి ఉండడంతో ఆ ఘాటు బస్సంతా పరుచుకుంది. పక్కనున్నాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం, ఎప్పుడూ ఆ తైలమే రాసుకునే సుగుణ సిస్టర్ వచ్చి పక్కన కూర్చున్నట్టే అనిపించింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గురించి ఎక్కడా ఎవరూ రాయలేదు. నేను రాయాలంటే నా తప్పు ఒకటి బయటపెట్టాలి. అందుకే ఇన్నాళ్ళు ఆగాను.

సుగుణ సిస్టర్ ఇల్లందులో గని కార్మికుల మధ్య ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండు వేల సంవత్సరం దాటాక ఖమ్మం వచ్చి చెల్లెలి ఇంటి పక్కనే ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మానవ హక్కుల కమిషన్ గదికి వచ్చేవారు. కమిషన్ అంటే ప్రభుత్వానిది కాదు. ఒక రిటైర్డ్ లెక్చరర్, ఒక వకీలు, మరో నలుగురు కలిసి పెట్టుకున్నది. జీతాలు లేవు, జీపు లేదు, ఎవరినీ పిలిపించే అధికారం లేదు. టైర్ల షాపు మీద ఒక గది, ఒక బెంచీ, ఆరు కుర్చీలు. బోర్డు చూసి సర్కారు ఆఫీసనుకుని రేషన్ కార్డు రాలేదని, పక్కింటివాళ్ళు గోడ జరిపారని జనం వచ్చేవాళ్ళు. ఇది మా పని కాదని మిగతావాళ్ళు పంపించేస్తే, సిస్టర్ మెట్ల దాకా వెంట వెళ్ళి ఏ ఆఫీసుకు పోవాలో, అక్కడ ఏ కిటికీ దగ్గర నిలబడాలో చెప్పి వచ్చేవారు.

నేను అప్పుడు వైరా నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ గది ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్‌లో పనిచేసేదాన్ని. నాకు ఇరవై మూడేళ్ళు. వాళ్ళ రిపోర్టులు టైపు చేస్తూ చేస్తూ నేనూ ఆ గదిలో మనిషినయ్యాను. మొదటిసారి సిస్టర్ చేతిరాత కాగితం తెచ్చినప్పుడు, ఆమె రాసింది చప్పగా ఉందనిపించి ‘అతి కిరాతకంగా కొట్టారు’ అని నేనే కలిపాను. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని ఆ మాట మీద వేలు పెట్టారు.

“కిరాతకం నువ్వు చూసినవా బిడ్డా? ఎన్ని దెబ్బలు, ఎక్కడున్నయి, ఏ రంగుల ఉన్నయి, గది నేను చూసిన. గదే ఉండనీ.”

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వి తీసేశాను. కానీ మనసుకు పట్టించుకోలేదు.

ఆ మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో, పర్ణశాల అవతల అడవి అంచు గూడెం నుంచి కబురు వచ్చింది. జోగయ్య అనే కోయ రైతును పోలీసులు పట్టుకుపోయారని, అడవిలో నక్సలైట్ల దళానికి బియ్యం మోస్తున్నాడని కేసు పెట్టారని. గురువారం అడవిలో దొరికాడని కాగితాల్లో ఉంది. శుక్రవారం కోర్టులో పెట్టారు. ఆయన్ని పట్టుకున్నది అంతకు ముందే, సోమవారం సంతలో అని గూడెంవాళ్ళు అంటున్నారు. పట్టుకున్న మనిషిని ఒక్క రోజులోపు కోర్టు ముందు నిలబెట్టాలి. సంతలో పట్టుకున్నది నిజమైతే ఆ మధ్య రోజులు ఆయన ఎక్కడున్నాడో, ఏం చేశారో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. బియ్యం కేసు కూడా నిలవదు.

వకీలు గారు, సిస్టర్, నేను వెళ్ళాం. భద్రాచలం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆపైన నడక. జోగయ్య భార్య సమ్మక్క చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేను పుస్తకం తెరిచి ఏ తేదీన, ఎన్ని గంటలకు అని అడిగాను. ఆమె తల ఎత్తలేదు. మళ్ళీ అడిగాను. లేచి లోపలికి వెళ్ళిపోయింది. సిస్టర్ నన్ను ఊరుకోమని, చాప మీద కూర్చుని తనూ ఒక చింతకాయ తీసుకుని గింజ తీయడం మొదలుపెట్టారు. దవాఖానాలో ఉన్నప్పుడు నేర్చుకున్న కోయమాట కొంత, తెలుగు కొంత కలిపి, సమ్మక్క తిరిగి వచ్చాక మాట కలిపారు. సంతకు ఏ దారిన పోయారు, ఆయన ఏం మోశాడు, ముందు ఎక్కడ ఆగారు. అలా ఒక్కో అడుగూ అడుగుతూ పోతే, ఆ రోజు జోగయ్యకు జ్వరమని, సంతలో మలేరియా పరీక్షకు వేలు గుచ్చి రక్తం తీసి మందు బిళ్ళలు ఇచ్చారని తెలిసింది. నీళ్ళకోసం కుండ దగ్గరికి వెళ్తుండగానే పట్టుకున్నారట. సమ్మక్క చూరులోంచి ఒక పొట్లం తీసి చూపించింది. బిళ్ళలన్నీ అలాగే ఉన్నాయి.

“వేసుకోలే,” అంది. ఆమె ఆ రోజు మాతో తెలుగులో అన్న మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

మేం లేచేసరికి గూడెం పెద్దమనిషి ఒకాయన వెనక సగం కాలి ఉన్న జోగయ్య పాత గుడిసె చూపించి, అది కూడా పోలీసులే తగలబెట్టారన్నాడు. నేను గబగబా రాసుకున్నాను. సిస్టర్ కాలిన గుంజ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. దాని చుట్టూ చిక్కుడు తీగ అల్లుకుని, కాసి, కాయలతో సహా ఎండిపోయి ఉంది. ఆమె సమ్మక్కను పక్కకు తీసుకెళ్ళి మాట్లాడారు. పొయ్యి నిప్పు అంటుకుని వానాకాలంలోనే కాలిందట.

తిరుగుదారిలో సంతకు వచ్చే ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్ళాం. నడివయసు మనిషి. మమ్మల్ని చూడగానే బెదిరిపోయాడు.

“నా నౌకరి పోతది సిస్టరమ్మా.”

“నువ్వు ఎవరి మీదా ఏం చెప్పకు. జ్వరం వచ్చినోళ్ళ పేర్లు రాసుకున్నవ్ గద, ఆ రోజు పేజీ నకలు రాసియ్యి. నువ్వు చేసిన పనే అది.”

ఆయన గడప దాటి వచ్చి వీధి అటూ ఇటూ చూశాడు. తర్వాత రిజిస్టర్ తెచ్చాడు. సోమవారం పేజీలో జోగయ్య పేరు, వయసు, గూడెం పేరు స్పష్టంగా ఉన్నాయి. ఆ పేజీ నకలు రాసిచ్చాడు.

ఖమ్మం వచ్చాక రిపోర్టు సిస్టర్ చెప్పారు, నేను టైపు చేశాను. గుడిసె ఊసు వద్దన్నారు. నాకు కోపం వచ్చింది. చూరులో మిగిలిపోయిన ఆ బిళ్ళలు కళ్ళముందు కదులుతున్నాయి. ఇంత చేసినవాళ్ళు గుడిసె మాత్రం కాల్చరా అనుకున్నాను. ఎవరూ లేనప్పుడు మూడో పేజీలో ఒక్క వాక్యం చేర్చాను: ‘అతని నివాసాన్ని కూడా దగ్ధం చేశారు.’ నాలుగు కాపీలు తీసి కవర్లలో పెట్టాను. సంతకాలు పెట్టాల్సిన లెక్చరర్ గారు నా మీద నమ్మకంతో పైపైన చూసి పెట్టేశారు.

సిస్టర్ అలా పెట్టే మనిషి కాదు. మా సెంటర్‌లో స్టూలు మీద కూర్చుని మొదటినుంచి చదివారు. మూడో పేజీ దగ్గర ఆగారు. ఎవరు రాశారని అడగలేదు.

“వాళ్ళు కాల్చగలరు సిస్టర్,” అన్నాను నేనే.

“కాల్చగలరు. కాల్చిన్రా?”

నేను కీబోర్డు వైపు తిరిగాను.

“ఇది అబద్ధమని ఒక్కడు చూపిస్తే చాలు, సమ్మక్క చెప్పిందంతా అబద్ధమైతది. ఆమెకు ఉన్నది ఆ మాట ఒక్కటే బిడ్డా.”

నాలుగు కాపీలూ ఆమే చింపారు. నేను మళ్ళీ టైపు చేసి, అచ్చు తీసి, లెక్చరర్ గారింటికి వెళ్ళి మళ్ళీ సంతకం చేయించుకొచ్చేదాకా ఆ స్టూలు మీదే కూర్చున్నారు. ఆయనకు ఒక తప్పు దొర్లిందని మాత్రమే చెప్పమన్నారు.

రిపోర్టు కలెక్టరుకు వెళ్ళింది. నెల తిరిగాక ఒక అధికారి భద్రాచలంలో విచారణ పెట్టాడు. సమ్మక్క, సిస్టర్ ముందు వరసలో, నేను వెనక. ఆయన రాగానే ఫైలులోంచి ఒక కాగితం తీశాడు. జోగయ్య గుడిసె పొయ్యి నిప్పుతో కాలిందని వానాకాలంలో రెవెన్యూవాళ్ళు రాసిన పంచనామా అది.

“గుడిసె గురించి కూడా మీరు ఫిర్యాదు చేశారని విన్నాను,” అన్నాడు. గూడెంలో ఎవరో అన్నది ఆయన చెవిన పడినట్టుంది.

ఆయన మా రిపోర్టు మొదటి పేజీ తిప్పాడు, రెండోది తిప్పాడు, మూడో పేజీ మీద వేలితో పైనుంచి కిందికి వెతికాడు.

“మేం రాయలే సార్. అది పొయ్యి మంటకే కాలింది,” అన్నారు సిస్టర్.

ఆయన పంచనామా పక్కన పెట్టి, రిజిస్టర్ నకలు ఏదని అడిగాడు. ఆ తర్వాత సమ్మక్కను ఒకటిన్నర గంట విన్నాడు, మధ్యలో ఆపకుండా. సిస్టర్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. బయటికి వచ్చాక మోకాళ్ళు లాగుతున్నాయని సంచి నా చేతికిచ్చారు, అంతే.

సోమవారమే పట్టుకున్నారని ఆ అధికారి రాశాడు. జోగయ్యకు బెయిలు వచ్చింది. కేసు మరో రెండేళ్ళు సాగి కొట్టివేయబడింది. పోలీసుల్లో ఒకరిని బదిలీ చేశారు, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. దెబ్బలకు జోగయ్య ఎడమ చెవి వినికిడి పోయింది. సమ్మక్కతో కలిసి ఖమ్మం వచ్చినప్పుడు సిస్టర్ టార్చి వేసి చూసి, ఇక వినపడదని కోయమాటలో నెమ్మదిగా చెప్పారు. వస్తుందేమోనని అనలేదు. ఆయన సరేనన్నట్టు తలూపి, వినపడే చెవి సిస్టర్ వైపు పెట్టి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళకు సిస్టర్ నిద్రలోనే పోయారు. కమిషన్ కూడా నెమ్మదిగా మూతపడింది. నేను ఇప్పుడు కోర్టు ఎదుట అర్జీలు రాసి బతుకుతున్నాను. అచ్చు తీసే ముందు ప్రతి అర్జీనీ ఇచ్చినవాళ్ళకు గట్టిగా చదివి వినిపిస్తాను. పక్క టేబుళ్ళవాళ్ళు నవ్వుతారు, నేను ఒకటి రాసేలోగా వాళ్ళు మూడు రాస్తారు. మొన్న ఒకామె తన మరిది మీద అర్జీ రాయించుకుంది. చదువుతుంటే మధ్యలో నా చేయి పట్టుకుని ఆపింది.

“అక్కా, గొడ్డలి తెచ్చిండని చెప్పిన గద. గది కోపంల అన్న. కట్టెనే తెచ్చిండు.”

గొడ్డలి తీసి కట్టె అని రాశాను. మిగతాది చదవమంది. చదివాను.