అక్క నడిచిన ఇనుప వంతెన

నాంపల్లి స్టేషన్ దాటాక పట్టాల మీద ఉన్న పాత రాతి వంతెనను పడగొట్టి కొత్తది కట్టాలని మా ఆఫీసులో తేలేనాటికి, అక్క కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. నాకు అప్పుడు పెద్ద విషయంగా కనబడింది వంతెనే. కాళ్ల సంగతికేముంది, ఎండాకాలం కదా, పోస్టాఫీసు కౌంటర్లో పొద్దంతా కదలకుండా కూచుంటుంది కదా అనుకున్నాం ఇద్దరం.

అక్క నాకన్నా చాలా పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు జడ వేసుకోవడం రాదు. నాన్న ఉన్నా లేనట్టే ఉండేవాడు. అక్క అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉద్యోగం తెచ్చుకుని నన్ను ఇంజనీరింగ్ చదివించింది. సంబంధాలు వస్తే "చెల్లె చదువు కానియ్యుండ్రి" అని తిప్పి పంపింది. నా చదువు అయ్యేసరికి అవి రావడం మానేశాయి. నేను పెళ్లి చేసుకున్నాను, అది నిలవలేదు. పెట్టె పట్టుకుని అబిడ్స్ వెనక సందులోని మా కిరాయి ఇంటికి తిరిగి వచ్చిన రోజు అక్క ఒక్క మాట అడగలేదు. "అన్నం తిన్నవా?" అంది. తినలేదన్నాను. పప్పు వేడి చేసి పెట్టింది.

వంతెన పని నాకు అప్పగించారు. వంతెన కట్టడమంటే జనం సిమెంటు, ఇనుము అనుకుంటారు. మొదటి ఏడాదంతా మాకు సిమెంటు బస్తా ముఖం కనబడలేదు. బస్సుల్ని గౌలిగూడ నుంచి తిప్పాలా, లక్డీకాపూల్ నుంచి తిప్పాలా? పాత వంతెన కడుపులోంచి పోతున్న మంచినీళ్ల పైపును ఎటు మార్చాలి? రైళ్లు ఆగకుండా పట్టాల పక్కన ఎట్లా తవ్వాలి? రైల్వే వాళ్లతో కూచోవడం, డ్రాయింగులు దిద్దడం, మళ్లీ కూచోవడం. ఆ కూచోవడాల మధ్యలోనే ఒకరోజు అక్క ఫోన్ చేసి, రక్తపరీక్ష కాగితం మీదున్న అంకె చదివి, "గిది ఎక్కువనా తక్కువనా, జర డాక్టర్ను అడిగి చెప్పే" అంది. ఎక్కువే. చాలా ఎక్కువ. రెండు కిడ్నీలూ దాదాపు పనిచేయడం మానేశాయన్నారు.

వంతెన మూసేస్తే నడిచేవాళ్ల గతేమిటన్నది అప్పుడే చర్చకు వచ్చింది. ఒక తాత్కాలిక ఇనుప వంతెన వేద్దామని నేనే రాశాను. అందరూ ఒప్పుకున్నారు. మెట్లకు బదులు రెండు వైపులా వాలు దారి కావాలన్నప్పుడు మాత్రం మా పెద్ద సారు తల అడ్డంగా ఊపాడు. స్థలం చాలదు, ఖర్చు ఎక్కువ, కొత్తది అయ్యాక ఎట్లాగూ తీసేసేదే అన్నాడు.

బల్ల చివర ఎవరో నవ్వుతూ, "మేడమ్ వాళ్ల అక్క పట్టాలవతల దవాఖానకు పోవాలె సార్. గందుకే అడుగుతున్నరు" అన్నారు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఔ సార్, మా అక్క కోసమే" అన్నాను. "అసొంటి అక్కలు, అవ్వలు గా దవాఖానకు పొద్దంతా వస్తనే ఉంటరు. మెట్లు పెడితే వాళ్లు గీడనే ఆగిపోతరు."

సారు డ్రాయింగు నా ముందుకు తోసి, "మార్చి తీసుకరాండ్రి" అన్నాడు.

పాత వంతెన మూసే సమయానికి అక్కకు డయాలసిస్ మొదలైంది. రోజు విడిచి రోజు నాంపల్లి వైపున్న దవాఖానకు పోవాలి. ఆటో అయితే లక్డీకాపూల్ చుట్టూ తిరగాలి. ఆ రద్దీలో, ఆ కుదుపుల్లో అక్కకు వాంతులయ్యేవి. అందుకని కొత్తగా వేసిన ఇనుప వంతెన మీద నడిచే పోయేవాళ్లం. వాలు మొదట్లో నా భుజం పట్టుకునేది, పైకి వచ్చాక వదిలేసేది. ఇనుప రేకుల మీద తన చెప్పుల చప్పుడు అక్కకు నచ్చేది. "రైలు ఎక్కినట్టుందే" అనేది.

కింద మా పని నడుస్తుండేది. అక్కడ ఏం జరుగుతున్నా అక్కకు చెప్పాల్సిందే.

"గా బోరింగ్ ఎందుకు? నీళ్లకా?"

"నీళ్లకు కాదక్కా, పునాదికి."

"కింద అంతా బండనే కదనే, ఇంక పునాది ఎందుకు?"

"పైన ఎంత బండ ఉన్నా, కింద పగుళ్లుంటయి. లోపల గట్టిది దొరికేదాకా పోవాలె."

"మంచిది. తొందరపడకుండ్రి" అనేది, తనే నాకు పై అధికారి అయినట్టు. తలకు రక్షణ టోపీ పెట్టుకోని కూలీ కనబడితే రెయిలింగు మీదికి వంగి కేకేసేది. "ఓ నాయనా! టోపీ పెట్టుకో! ఇంటికాడ నీ కోసం ఎవ్వరు లేరా ఏంది?" వాళ్లు నవ్వి పెట్టుకునేవాళ్లు. కొన్నాళ్లకు అక్కను దూరం నుంచి చూడగానే టోపీలు వెతుక్కునేవాళ్లు. నేను ఎన్నిసార్లు చెప్పినా అంత పని కాలేదు.

అబిడ్స్ వైపు వాలు మొదట్లో పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఒకామె జాంకాయల గంప పెట్టుకునేది. అక్కకు జాంకాయలంటే ప్రాణం. డాక్టరు వద్దన్నాడు. అయినా రోజూ ఆగి, ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్లీ గంపలో పెట్టేది. మొదట్లో ఆమెకు కోపం వచ్చింది. సంగతి తెలిశాక, "చూస్కో అక్కా, నీ ఇష్టమున్నంత సేపు చూస్కో" అని మంచి కాయ తనే ఏరి ఇచ్చేది.

నా కిడ్నీ ఇస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు. పోట్లాడి ఒప్పించి పరీక్షలకు పోతే, నాకే షుగర్ ఉందని బయటపడింది. పనికిరాదన్నారు. ఆ రోజు నేను ఏడుస్తుంటే అక్క ఊపిరి పీల్చుకుంది. "పానం కుదుటపడ్డదే" అంది. చనిపోయినవాళ్ల నుంచి దొరికేదాని కోసం పేరు నమోదు చేయించి ఎదురు చూడసాగాం. అటు వంతెన పని కూడా ముందుకు పోవడం లేదు. ఏ డ్రాయింగులోనూ లేని ఒక పాత పైపు తవ్వకంలో పగిలి పట్టాల పక్కన మడుగు కట్టింది. పని ఆగింది. అక్క నవ్వింది. "నీ వంతెన ముందైతదా, నా కిడ్నీ ముందొస్తదా చూద్దాం పా."

గర్డర్లు, అంటే వంతెనను మోసే పెద్ద దూలాలు, ఎత్తే రోజు ఆదివారం. రైళ్లు ఆపడానికి రైల్వే వాళ్లు పగటి పూట కొంత వ్యవధి ఇచ్చారు. దాని కోసం నెలలు తిరిగాం. పొద్దున్నే బట్టలు వేసుకుంటుంటే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. కిడ్నీ ఒకటి దొరకొచ్చు, ఏమీ తినకుండా వెంటనే రమ్మన్నారు.

పెద్ద సారుకు ఫోన్ చేశాను. ఆయన మొత్తం వినలేదు. "నువ్వు పో అమ్మా. గర్డర్లు నేను చూసుకుంట" అన్నాడు. నన్ను ఎప్పుడూ మేడమ్ అనే మనిషి.

ఆటోలో అక్క నా చెయ్యి పట్టుకుని కూచుంది. అబిడ్స్ పేవ్‌మెంటు మీద ఆదివారాలు అమ్మే పాత పుస్తకాలు అప్పుడప్పుడే పరుస్తున్నారు. దవాఖానలో రక్తం తీసుకున్నారు, ఆకుపచ్చ గౌను వేశారు, ఒక మంచం చూపించారు. మాలాగే ఇంకా ఇద్దర్ని పిలిచారని అక్కడికి పోయాకే తెలిసింది. ఎవరి రక్తానికి బాగా కలిస్తే వాళ్లకు. అక్క మంచం మీద కూచుని, "ఒకవేళ నాకే వస్తే, బీరువాల నా పాత చీరలున్నయి చూడు, అవి పారెయ్యకు, మల్ల కట్టుకుంట" అని ఏదేదో చెప్పింది. నేను తలూపుతూ కూచున్నాను. ఫోన్ ఆపేశాను. గర్డర్ల సంగతి నిజంగానే మరిచిపోయాను.

సాయంత్రం అవుతుండగా దవాఖానలో పనిచేసే ఒక అమ్మాయి వచ్చి అక్క పక్కన కూచుంది. ఆమె కూచోవడంతోనే నాకు అర్థమైంది. కిడ్నీ ఇంకొకామెకు బాగా కలిసిందట. ముగ్గురు పిల్లల తల్లి. "మీ పేరు లిస్టులోనే ఉంటది ఆంటీ, మల్ల పిలుస్తం" అంది. అక్క, "మంచిదమ్మా, ఆమెకు మంచిగ కావాలె" అంది. గౌను విప్పి, మడత పెట్టి మరీ ఇచ్చింది.

ఆటో వద్దంది. ఇనుప వంతెన ఎక్కాం. సగం దాకా వచ్చాక రెయిలింగు పట్టుకుని ఆగింది. ఆయాసమేమో అనుకున్నాను.

"నాకెందుకు రాలే?" అంది.

నేను దగ్గరికి జరిగాను.

"నాకెందుకు రాలే చెల్లె? నేనేం చేసిన? పిల్లలుంటేనేనా? నాకు నువ్వు లేవా?" అని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క ఏడవగా నేను చూసింది అదొక్కసారే. పట్టుకున్నాను. జనం మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు.

అప్పుడు కింది నుంచి మా మేస్త్రీ పరుగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో మిఠాయి డబ్బా. "మేడమ్! కూసున్నయి మేడమ్! అన్నీ మంచిగ కూసున్నయి! ఒక్కటి పక్కకు జరగలే!" అప్పటిదాకా నేను అటు చూడనే లేదు. పట్టాల మీదుగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, గర్డర్లు వరసగా ఉన్నాయి. అక్క ముఖం చూసి అతను ఆగిపోయాడు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఇయ్యి నాయనా. పొద్దుటి నుంచి ఏం తినలే" అని లడ్డూ తీసుకుంది. నిలబడి మొత్తం తింది. తర్వాత గర్డర్ల వైపు చూసి, "గింత పెద్దగుంటయా!" అంది.

మళ్లీ పిలుపు రాలేదు. వానలు మొదలయ్యాక అక్కకు చలిజ్వరం వచ్చింది. డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన గొట్టం నుంచి ఒంట్లోకి ఇన్ఫెక్షన్ పాకిందన్నారు. ఐసీయూలో పెట్టారు. అటు వంతెన మీద మేము స్లాబు పోస్తున్నాం. దవాఖానకూ పనికీ మధ్య ఆ ఇనుప వంతెన మీదే తిరిగాను.

లోపలికి పోనిచ్చినప్పుడు అక్క కళ్లు తెరిచింది. మాట గాలిలా వచ్చింది.

"స్లాబు పడ్డదా?"

"పడ్డదక్కా."

"వాన పడుతుంది కదనే. ఖరాబ్ కాదా?"

"కప్పినం. టార్పాలిన్లు కప్పినం."

"మంచిగ కప్పుండ్రి" అంది. కళ్లు మూసుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

దినాలయ్యాక ఆఫీసుకు బయలుదేరాను. వాలు మొదట్లో జాంకాయలామె పిలిచింది. "ఏందమ్మా, చానా రోజులాయె. అక్క ఏది?"

నోరు తెరిచాను. "ఊరికి పోయింది" అన్నాను. మాకు ఊరు ఎక్కడుంది? ఆమె మాత్రం నమ్మింది. "మంచిగ చేసింది, గాలి మారుతది" అంది. ఆ తర్వాత రోజూ అడగలేదు గానీ, అప్పుడప్పుడు, "ఇంక రాలేదా?" అనేది. "ఇంక రాలేదు" అనేదాన్ని. ఆ ఒక్కచోట అక్క ఇంకా బతికే ఉంది. దాన్ని పాడు చేసుకోవడానికి నాకు మనసు రాలేదు.

చలికాలానికి కొత్త వంతెన పూర్తయింది. ఇసుక నింపిన లారీలు వరసగా నిలిపి బరువు ఆగుతుందో లేదో చూశాం. అది నిలబడింది. పెద్దవాళ్లు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలో నన్ను కూడా నిలబెట్టారు. ఇక ఇనుప వంతెనను తీసేయాలి. ఆ ఉత్తర్వు మీద సంతకం నాదే. కిందున్న పట్టాలకు అది అడ్డం, రైల్వే వాళ్లు తొందర పెడుతున్నారు. సంతకం పెట్టాను. క్రేను వచ్చి ముందు మధ్య భాగాన్ని ఎత్తింది. తర్వాత వాలు దారుల్ని ముక్కలుగా కోసి లారీకి ఎక్కించారు. నేను టోపీ పెట్టుకుని అక్కడే నిలబడ్డాను, నా పని అది కనుక.

జాంకాయలామె గంప కొత్త వంతెన ఫుట్‌పాత్ మీదికి మారింది. నేను కనబడగానే సంబరంగా, "మస్తుగ కట్టిన్రమ్మా! ఇంక అక్కను తీస్కరా. గంత రోజులు కింద పని జూసింది గదా, ఇప్పుడు పైకెళ్లి నడుస్తది" అంది.

ఇక నా వల్ల కాలేదు.

"అక్క లేదమ్మా. వానలప్పుడే పోయింది."

ఆమె చేతిలోని కాయ గంపలో పెట్టింది. నేను అబద్ధం చెప్పినందుకు తిడుతుందనుకున్నాను.

"అయితే ఇన్ని దినాలు ఒక్కదానివే నడిచినవా?" అంది.

ఐసీయూ బయట గానీ, స్మశానంలో గానీ రాని ఏడుపు, బస్సులు పోతున్న ఆ వంతెన మీద, నేనే కట్టించిన ఫుట్‌పాత్ మీద వచ్చింది. ఆమె లేచి, పక్కన పూలమ్మే అతన్ని గంప చూడమని చెప్పింది. నా మోచెయ్యి పట్టుకుంది. మెల్లగా అవతలి చివరి దాకా నడిపించుకుని పోయింది. నా బస్సు వచ్చేదాకా స్టాపులో నిలబడింది.