పెద్దమ్మ చేతిలో చిట్టెలుక

ఆ రోజుల్లో పుస్తకంలో కొత్తగా ఏది చదివినా, కనిపించిన వాళ్లందరికీ చెప్పేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఫిజియోథెరపీ చదువు ముగించి, మా తెలకపల్లి నుంచి గద్వాల వచ్చి, ఒక చిన్న దవాఖానాలో చేరాను. (మా ఊళ్లో మాత్రం నన్ను ‘చేతులు పిసికే డాక్టర్’ అని చెప్పుకునేవారు.) అక్కడికి చీరలు నేసే ఒక పెద్దమ్మ వచ్చింది. విరిగిన కుడిచేతికి అప్పుడే సిమెంటు కట్టు విప్పారు. ఎముక అతికింది గానీ చెయ్యి పుల్లలా చిక్కిపోయింది. కదిలిస్తే మళ్లీ విరుగుతుందన్న భయంతో ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరో ఎత్తుకోమని ఇచ్చిన పసిపిల్లను చూసినట్టు చూసేది. ఇంట్లో మగ్గం ఆగిపోయింది.

ధైర్యం చెబుదామని, కండరాన్ని ఇంగ్లీషులో మజిల్ అంటారని, అది లాటిన్‌లోని ‘మస్క్యులస్’ అనే మాట నుంచి వచ్చిందని, దాని అర్థం చిట్టెలుక అని చెప్పాను. చెయ్యి మడిస్తే చర్మం కింద ఎలుక ఉరికినట్టు ఉంటుంది గనక ఆ పేరు వచ్చిందని వివరించేలోపే పెద్దమ్మ చెయ్యిని కొంగు కింద దాచుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. వచ్చిన పేషెంటును లాటిన్‌తో తరిమేశానని డాక్టరుగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చెయ్యి అలాగే బిగుసుకుపోతే ఆమె ఇక నేయలేదని నాకు తెలుసు. ఆ మరుసటి రోజు పెద్దమ్మ తను ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆమెను వెంటబెట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

“నిన్నంత జూసిన బిడ్డా. ఎల్క యాడ కానొస్తలేదు. సచ్చిపోయిందా ఏంది?”

నవ్వబోయి, ఆమె కళ్లు చూసి ఆగాను. “సావలే పెద్దమ్మా, పండుకుంది. జర లేపుదాం,” అన్నాను. ఆమె ఎడమచేతి వేళ్లను కుడి దండచేయి మీద పెట్టించి, మెల్లగా మడవమన్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. ముగ్గురం ఆ సన్నటి చేతి మీదికి వంగి ఊపిరి బిగబట్టాం. అప్పుడు చర్మం కింద ఏదో చిన్నగా ఉలిక్కిపడింది.

“కదిలింది,” అంది పెద్దమ్మ.

ఖాలా కూడా వేలు ఆనించి చూసింది. “మా ఉర్దూల దీన్ని మఛ్లీ అంటరు. చేప,” అంది.

ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు, ఎక్కడెక్కడివాళ్లో, మడిచిన చేతిని చూసి లోపల ఒక ప్రాణి మసలుతోందనుకున్నారు. చదివినన్నాళ్లూ కండరాల పేర్లన్నీ గడగడా అప్పజెప్పిన నేను ఒక్కనాడూ అలా చూడలేదు.

చలికాలానికి పెద్దమ్మ మళ్లీ మగ్గం మీద కూర్చుంది. (తిరిగి నేసిన మొదటి చీర అంచు నిండా నెమళ్లే.) నేనైతే ఎలుక కదిలిన ఆ సాయంత్రమే గది తలుపు మూసుకుని, అద్దం ముందు చొక్కా చేతులు పైకి మడిచి, నా కండను నేనే ఎగరేసి చూసుకున్నాను. అద్దంలో కుర్రాడూ బక్కవాడే, ఎలుకా బక్కదే. అయినా చెయ్యి నొప్పి పుట్టేదాకా అక్కడినుంచి జరగని ఆ అబ్బాయిని తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.