స్టీరింగు ఎడమ సగం

మా వారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయిన ఏడాది, మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో భోజనాల బల్ల మీద కొన్ని నెలల పాటు ఒక పాత కారు స్టీరింగు ఉండేది. మేమిద్దరమే కాబట్టి వంటింట్లో కుర్చీలు వేసుకుని, స్టూళ్ల మీద కంచాలు పెట్టుకుని తినేవాళ్లం.

ఆ కారు మా మామగారిది. మా వారు బోయిగూడలో పుట్టి పెరిగారు. నాది కాకినాడ వైపు, పెళ్లయ్యాక ఇక్కడి బళ్లో టీచరుగా చేరాను. మామగారు పోయాక మా వారు కారును మా ఇంటికి తెచ్చుకున్నారు. ప్రతి ఆదివారం చర్చికి అందులోనే వెళ్లేవాళ్లం. ఏళ్ల తరబడి ఎండ తగిలి దాని స్టీరింగు బీటలు వారింది. చేతికి గుచ్చుకోకుండా గుడ్డపట్టీ చుట్టి నడిపేవారు. రిటైరయ్యాక తీరిగ్గా బాగుచేస్తాననేవారు. రిటైరైన వేసవిలోనే జబ్బు చేసింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగారు. మాట పోలేదు, కుడి చెయ్యి బాగానే ఉంది. కానీ పొద్దస్తమానం కిటికీ దగ్గర ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవారు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, "సార్‌కి ఇష్టమైన పనేదైనా అప్పజెప్పండి మేడం" అంది. నాకు స్టీరింగే తోచింది. మా మెకానిక్‌ను పిలిచి కారు నుంచి ఊడదీయించాను.

"కొత్తది యాడ దొరకదు సార్. పాతదే జెర ఓపికతోని చేసుకోవాలె" అన్నాడతను.

"ఓపికకేంది, ఇప్పుడు నా దగ్గర గదొక్కటే ఉంది" అన్నారు మా వారు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

చక్రాన్ని నేను కదలకుండా పట్టుకుంటే, ఆయన రంపపు బ్లేడు ముక్కతో బీటల్లోని మట్టి గీకేవారు. గట్టిపడితే రాయిలా అయ్యే లప్పం తెప్పించాం. రెండు ముద్దలు కలిపి పిసకడానికి రెండు చేతులు కావాలి గనుక అది నా పని. బీటల్లోకి బొటనవేలితో కూరడం ఆయన పని. అలా నేను చక్రం కొద్దికొద్దిగా జరుపుతుంటే చుట్టూ నింపాక, ఆరిన లప్పాన్ని ఉప్పు కాగితం (మెకానిక్ దాన్ని రేగ్మాల్ అంటాడు) నీళ్లలో తడిపి రుద్దాలి. దానికి ఆయనొక్కరే చాలు. నేను వంటింట్లో ఉంటే గరగరమని ఆ చప్పుడు వినబడుతూ ఉండేది. ఆ చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం, "అయిపోయింది, వచ్చి సూడు" అని పిలిచారు. చేతులు తుడుచుకుంటూ వెళ్లాను. ఆయనకు కుడివైపున్న సగం చక్రం కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంది. ఎడమ సగం మీద లప్పం గడ్డలు గడ్డలుగా అలాగే ఉంది. ఆటపట్టిస్తున్నారనుకున్నాను.

"ఇటుపక్క ఇంకా ఉంది కదండీ."

"ఏ పక్క? అంత చేసిన కదా" అంటూ కుడి సగం మీదే వేలు పైకీ కిందికీ రాసి చూపించారు.

నేను చక్రాన్ని సగం తిప్పాను. గడ్డలున్న వైపు ఇప్పుడు ఆయన కుడిచేతి కిందికి వచ్చింది. దాన్ని తడిమి, "ఏందిది? ఇప్పుడే కదా నున్నగ చేసిన" అన్నారు. నా ముఖంలోకి చూశారు. ఆయన భయపడ్డారు. నేనూ భయపడ్డాను.

కంచంలో ఎడమవైపు అన్నం రోజూ ఎందుకు మిగిలిపోతోందో నాకప్పుడు తెలిసింది. ఆకలి లేక వదిలేస్తున్నారనుకుని బతిమాలి తినిపించేదాన్ని.

డాక్టరుగారు కాగితమిచ్చి గడియారం బొమ్మ వేయమన్నారు. అంకెలన్నీ కుడివైపే కుక్కి వేశారు మా వారు. "కళ్లకేమీ కాలేదమ్మా. ఎడమవైపంటూ ఒకటుందని మెదడుకు తట్టడం లేదు" అన్నారు డాక్టరుగారు.

"కారు నడపొచ్చా?" మా వారు అడిగింది అదొక్కటే.

డాక్టరుగారు జవాబు చెప్పేముందు నా వైపు చూశారు. "ఇక వద్దండీ" అన్నారు.

ఇంటికి రాగానే స్టీరింగు కనబడకుండా దాచేద్దామనుకున్నాను. కానీ మర్నాడు పొద్దున కాఫీ తాగి, నేరుగా వెళ్లి బల్ల ముందు కూర్చున్నారు.

"తిప్పు" అన్నారు.

"ఏంటండీ?"

"చక్రం తిప్పు. నాకు కనవడనిది కనవడే దిక్కుకు తీస్కరా."

అప్పటినుంచి ఆయన కొంత రుద్దేవారు, నేను కొంత తిప్పేదాన్ని. ఇక నడపని కారుకు ఇదంతా ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. చివరికి మీగడ రంగు పెయింటు వేశాం. ఆరాక చాలాసేపు చూసి, "మా నాయిన కొన్ననాడు గిట్లనే ఉండె" అన్నారు.

మెకానిక్ వచ్చి బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయన్ని పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. నేను ఎప్పటిలా ఎడమవైపు సీట్లో కూర్చున్నాను. ఆయన కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపాగి, "ఇంక ఎక్కవా? రా" అన్నారు.

"ఎక్కానండీ. పక్కనే ఉన్నాను."

తల తిప్పబోయారు. ముందద్దం మధ్య దాకా వచ్చి చూపు ఆగిపోయింది. నేను స్టీరింగు మీద చెయ్యి వేసి, దాని అంచు వెంబడే చేతిని మెల్లగా కుడివైపుకు జరిపాను. ఒకచోట ఆయనకు నా చెయ్యి కనిపించింది. దాన్నే చూస్తూ, "ఉన్నవా" అన్నారు. ఆసుపత్రిలో కూడా ఏడవని దాన్ని అప్పుడు ఏడ్చాను. ఆయనే తాళం తిప్పి ఇంజన్ ఆపేశారు.

ఆ తరువాత ఇంట్లోనూ చర్చిలోనూ ఆయనకు కుడిపక్కనే కూర్చునేదాన్ని. మళ్లీ కారెక్కుతానని ఆయన అనలేదు. చలికాలం మొదట్లో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు.

కారు గేటు లోపలే ఉంది. బ్యాటరీ చచ్చిపోకుండా మెకానిక్ అప్పుడప్పుడు వచ్చి స్టార్ట్ చేసి పోతాడు. మొన్న వానలకు తేమ పట్టి స్టీరింగు మీద ఒకచోట పెయింటు పొంగింది. "రేగ్మాల్ కొట్టి మళ్ల ఏద్దామా మేడం?" అని అడిగాడు. రుద్దితే పెయింటు కింద ఆయన చేసిన నునుపు కూడా పోతుంది. వద్దన్నాను.