శవ పంచనామాలు రాసిన ఓబులేసన్న

కిందటి మంగళవారం ఉదయం రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఓబులేసు దివంగతుడయ్యాడు. ఇంటి ముందరి నాపరాయి అరుగు మీద కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకొని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఆయన అల్లుడు ఫోన్ చేసి ఈ వార్త చెప్పినప్పుడు నేను పదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. "సరేనప్పా, వస్తాండా" అని ఫోన్ పెట్టేసి, మిగిలిన పేపర్లన్నీ దిద్ది, మార్కులు కూడి, ఆ తర్వాత లేచాను. దుఃఖం రాలేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికీ రాలేదు. అశనిపాతం వంటి వార్త విని మనిషి నిశ్చేష్టుడవుతాడని ఇన్నేళ్లుగా పిల్లలకు అర్థం చెప్పాను. నిశ్చేష్టత అంటే చేతిలోని పని చేసుకుంటూ పోవడమేనని నాకు తెలియదు.

ఆయన, యాడికి అనే ఊరు దాటి పోయే దారిలో ఉన్న మా మండలం పోలీసు స్టేషన్లో రైటర్. అంటే రాతపని చూసేవాడు. ఎక్కడైనా అసహజ మరణం సంభవిస్తే, శవాన్ని ఆసుపత్రికి పంపే ముందు ఎస్సై ఊరివాళ్ల సమక్షంలో పరిశీలించాలి. దేహం ఎలా పడి ఉంది, గాయాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, మరణానికి కారణం ఏమనిపిస్తోంది అన్నీ రాయించి, సాక్షులైన ఆ పంచాయతీదారుల చేత సంతకాలు చేయించాలి. ఆ కాగితమే శవ పంచనామా. ఎస్సైలు ఎందరు మారినా రాసే చెయ్యి మాత్రం ఓబులేసన్నదే. నేను చదువుకున్నవాణ్ణి, ఏ వర్గానికీ చెందనివాణ్ణి కనుక, తొంభైల చివరి సంవత్సరాల నుంచి నన్ను పంచాయతీదారుగా పిలిచేవాళ్లు. మా స్నేహం అలా శవాల పక్కన మొదలైంది.

మొదటిసారి నన్ను పిలిచింది ఒక గొర్రెల కాపరి మరణానికి. ఆ ఏడు మాకు వాన లేదు, పిడుగు మాత్రం పడింది. కొండ కింద బండల మధ్య పడి ఉన్న ఆ మనిషిని చూడలేక మొహం తిప్పుకున్నాను. ఓబులేసన్న శవం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు.

"చూడండయివారూ. చూడకుండా సంతకం పెట్టేదానికైతే ఎవురైనా సరిపోతారు. ఇంత ఎండలో మిమ్మల్ని ఈడికి నడిపిచ్చే పనే ల్యా."

చూశాను. ఆయన రాసింది చదివాను. చొక్కాకు పైనుంచి మూడో గుండీ వేరే రంగుదనీ, నల్లదారంతో కుట్టి ఉందనీ రాశాడు. పిడుగుపాటుకు గుండీతో ఏం సంబంధమని అడిగాను.

"సంబంధం ల్యా. ఆ గుండీ ఎవురో కూచోని కుట్టినారు కదప్పా. ఉండేది ఉన్నట్ల రాయాల."

మరొకసారి, ఉరి వేసుకున్న ఒక పడుచుపిల్ల మెడ మీది గుర్తును ఏమని రాయాలని నన్నే అడిగాడు. "కంఠదేశమున రజ్జుచిహ్నము" అన్నాను, కొంచెం గర్వంగానే. ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు. "మంచి మాటే. అయితే ఈ కాగితం వీళ్లమ్మకు చదివి వినిపియ్యాల. బిడ్డ మెడ మింద ఏముండాదో ఆయమ్మకు తెలియాల కదా" అని, మెడ చుట్టూ తాడు ఒరుసుకున్న గుర్తు, చిటికెనవేలి మందం, అని రాశాడు. నా పాండిత్యాన్ని అంత మృదువుగా పక్కన పెట్టినవాడు ఇంకొకడు లేడు.

ఇక చెప్పడానికి నాకు నోరు రానిది ఒకటి ఉంది. సంస్మరణ రాస్తూ దాన్ని దాచడం ఆయనకు అపచారం. మా ఊర్లు రెండు వర్గాలుగా చీలి ఉన్న రోజులవి. ఒక ఉదయం బడి ప్రార్థన వేళకు బస్టాండు దగ్గర ఒక మనిషిని నరికి చంపారు. పంచనామా మొదలు కాగానే హతుని అన్న ఒక చీటీ తెచ్చి ఓబులేసన్న చేతిలో పెట్టాడు.

"రాసుకోప్పా రైటరూ. ఈ పదకొండు మందీ వేటకొడవండ్లు పట్టుకోని పారిపోతాంటే మావోళ్లు చూసినారు."

"చూసినోళ్లను పిలువన్నా. చూసింది చూసినట్ల చెప్తే రాస్తా."

"నేను చెప్తాండా కదా."

"నువ్వు చూసినావా?"

"నేను పొద్దున తాడిపత్రిలో ఉన్న్యా."

"అట్లయితే తాడిపత్రిలో ఏం చూసినావో చెప్పన్నా, రాస్తా."

ఎవరూ నవ్వలేదు. ఆ చీటీలో మా బడి డ్రిల్ మాస్టారు రామాంజనేయులు పేరుంది. హత్య జరిగిన సమయానికి ఆయన ప్రార్థనలో నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఓబులేసన్న నా వైపు తిరిగాడు. "అయివారూ, పొద్దున బడికాడ మీ డ్రిల్లు మాస్టరు ఉన్న్యాడా?"

హతుని అన్న నన్ను చూశాడు. ఆయన వెనక ఉన్న మనుషులందరూ నన్ను చూశారు. "గమనించలేదు" అన్నాను.

ఓబులేసన్న మళ్లీ శవం వైపు తిరిగాడు. గాయాలు లెక్కపెట్టి రాశాడు. నరికినవాళ్లను చూశామని ఎవరూ చెప్పలేదనీ రాశాడు. పేర్లు మాత్రం రాయలేదు. ఎస్సై ఆయన్ను నానా మాటలూ అన్నాడు. నెల తిరక్కుండా కర్ణాటక సరిహద్దులోని స్టేషనుకు బదిలీ చేశారు. డ్రిల్ మాస్టారి పేరు తర్వాత వేరే వాంగ్మూలంలో చేరింది. ఆయన కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. చివరికి మొదటిరోజు కాగితంలో ఏ పేరూ లేదన్న సంగతే కోర్టులో ఆయన్ను బయట పడేసింది. ఆ పని నా నోటిమాట చేయవలసింది. ఓబులేసన్న కలం చేసింది.

రెండేళ్లకు ఆయన మా స్టేషనుకే తిరిగి వచ్చాడు. నేను పోయి క్షమాపణ చెప్పబోయాను. "మీకు బిడ్డలుండారయివారూ" అన్నాడు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. తర్వాత వచ్చిన పంచనామాకు కూడా నన్నే పిలిచాడు.

అంత్యక్రియలయ్యాక మూడోనాడు నేను వాళ్లింటికి పోయాను. ఆయన భార్య లింగమ్మ వాకిట్లో ఒక్కతే కూర్చొని ఉంది. ఆమె కళ్లలో కూడా తడి లేదు. నాకు చాప చూపించింది.

"ఒక మాట అడగల్లయివారూ. మా మరిది సుంకన్న పోయిన పొద్దు మా ఇంటాయప్ప కాగితంలో ఏం రాసినాడు? ఎనిమిదేండ్ల నుంచీ అడుగుతాండా. చెప్పనే ల్యా."

సుంకన్న ఓబులేసన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. మెట్టచేనులో వేరుశనగ వేసి, వరుసగా మూడో ఏడు కూడా కాయ పట్టే ఊడలు నేలలోకి దిగకముందే పైరు ఎండిపోతే, అదే చేనులో పురుగుమందు తాగి పోయాడు. సొంత తమ్ముని పంచనామా నువ్వు రాయొద్దు, పక్క స్టేషన్ నుంచి మనిషిని పిలిపిస్తానని ఎస్సై చెప్పాడు. "వద్దు సార్. నేనే రాస్తా" అన్నాడు ఓబులేసన్న. ఆ కాగితం మీద నా సంతకం ఉంది.

ఆమెకు ఉన్నదున్నట్లు చెప్పాను. మృతుణ్ణి సజీవంగా చివరిసారి చూసినవారెవరో రాయాల్సిన చోట ఆయన తన పేరే రాసుకున్నాడు. ముందురోజు పొద్దున సుంకన్న స్టేషనుకు వచ్చి, అన్నా, ఒక మాట మాట్లాడల్ల అన్నాడట. కోర్టుకు పోవాల్సిన కాగితాలు రాస్తున్న ఓబులేసన్న తల ఎత్తకుండానే, పని అయినాక ఇంటికాడికి రా పో అన్నాడట. తమ్ముడు కాసేపు తలుపు దగ్గర నిలబడి వెళ్లిపోయాడు. ఇదంతా ఆయన పూసగుచ్చినట్లు రాశాడు. నీ పేరెందుకు అని ఎస్సై అడిగితే, "ఆఖర్న చూసినోన్ని నేనే సార్. మాట్లాడల్లని వచ్చినోన్ని పంపించినా" అన్నాడు.

 లింగమ్మ మామూలు గొంతుతోనే చెప్పింది.

"ఆఖర్న చూసింది ఆయప్ప కాదయివారూ. స్టేషన్ కాడికి పోయిన దినమే మద్యాన్నం సుంకన్న ఈడికొచ్చినాడు. ఇదో, ఈడనే కూచున్న్యాడు. అన్న ఇంకా రాలేదా అన్న్యాడు. రాలేదప్పా, బువ్వ తిందువు ఉండు అన్న్యా. నీళ్లు తాగి, మల్లొస్తాలే వదినా అని పోయినాడు. నేను నిలపల్యా."

"ఈ మాట ఓబులేసన్నకు చెప్పలేదా?"

"ఆ దినం చెప్తే, నాకు ఎందుకు కబురు పంపల్యా అంటాడని భయపడితి. తర్వాత ఆయప్ప ఇంట్లో సుంకన్న పేరే ఎత్తల్యా. నేనూ ఎత్తల్యా. తనే ఆఖర్న చూసినోన్నని రాసుకున్న్యాడని తెలిసింటే చెప్పుందును" అంది.

 ఆమె లేచి లోపలికి పోయి, నాకు కాఫీ కలిపి తెచ్చింది. తాగాను.

ఓబులేసన్న పూలదండలకు, ప్రసంగాలకు అలవాటుపడినవాడు కాదు. ఈ కరువునేల మీద అకాలంగా రాలిపోయిన ఎందరికో చిట్టచివరి మాట ఆయన అక్షరాల్లో దక్కింది. ఆ మహనీయునికి నా అక్షరాలతో నమస్కరిస్తున్నాను. నేనెరిగినంతలో ఆయన రాసిన పంచనామాల్లో తప్పు ఒక్కటే. తమ్ముని కాగితంలో ఆ చోట ఉండవలసింది ఆయన పేరు కాదు. అది దిద్దవలసిన చెయ్యి ఇప్పుడు లేదు.